తరగతిలో పాడ్‌కాస్ట్: ఎక్కడ ఆపాలో తెలిస్తేనే

దేవరకొండ డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయిని మూడు ప్రశ్నలు అడిగారు. తరగతిలో పాడ్‌కాస్ట్ (ఇంటర్నెట్‌లో భాగాలుగా దొరికే ఆడియో కార్యక్రమం) వినిపిస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక వాళ్ల ప్రధానోపాధ్యాయులు అంటున్నట్టు సిలబస్ నడవని రోజుల్లో అదొక కాలక్షేపమా అన్నది మొదటిది. పిల్లల చేతిలో ఫోన్లు లేని బడిలో దీన్ని ఎలా నడపాలన్నది రెండవది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉపాధ్యాయుల వృత్తి నైపుణ్యం పెరగడానికి పాడ్‌కాస్ట్‌లు పనికివస్తాయా, వస్తే ఏ మైకు కొనాలి అన్నది మూడవది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం పనిచేసి, కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడిగా కూడా బాధ్యతలు చూసినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

మైకు సంగతి ముందే తేల్చేద్దాం. ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. మీ ఫోను, ఒక మోస్తరు బ్లూటూత్ స్పీకరు చాలు.

ఇక మొదటి ప్రశ్న. పాఠ్యపుస్తకంలోని పేరాలను ఎవరో స్టూడియోలో కూర్చుని చదివిన ఆడియోను తరగతి ముందు పెడితే, అయిదో నిమిషానికి వెనక బెంచీల్లో వేరే ముచ్చట మొదలవుతుంది. అందులో పిల్లల తప్పేమీ లేదు. కాగితం మీది వాక్యం అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. విద్యామనోవిజ్ఞానంలో జాన్ స్వెల్లర్, ఆయన సహచరులు దీని మీద ప్రయోగాలు చేసి, పొడవైన, చిక్కనైన విషయాన్ని విన్నవారి కన్నా కాగితం మీద చదువుకున్నవారే మెరుగ్గా నేర్చుకుంటారని చూపించారు. కాబట్టి పుస్తకం చేయగల పనిని ఆడియోకు అప్పగించడం దండగ. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు మన ఊళ్లలో పిల్లలు టీవీ ముందు కూర్చోవడం అందరం చూశాం. చెప్పినవారి శ్రమలో లోపం లేదు, కానీ మధ్యలో ఆపి ‘ఏం అర్థమైంది?’ అని అడిగే మనిషి ఆ గదిలో లేడు.

మీరు తరగతిలోకి తీసుకురాలేని గొంతును తీసుకురాగలిగినప్పుడే ఆడియోకు సమయం ఇవ్వండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానని వినోబా భావేకు చెప్పడంతో భూదానోద్యమం మొదలైందని మనం పాఠంగా చెబుతాం. అలా దానమిచ్చిన భూమి చివరకు ఎవరి చేతికి వచ్చింది, కాగితం ఎప్పుడు అందింది, అందులో ఏం పండింది అన్నది ఆ కుటుంబాల పెద్దవాళ్లు తమ మాటల్లో చెబితేనే తెలుస్తుంది. నల్లమలలో తేనె తీసే చెంచు పెద్దమనిషి, ఇక్కత్ నేతకు చిటికి కట్టే (రంగు పట్టకుండా నూలుకు ముడులు వేసే) నేతగాడు, జూరాల కాలువ కింద నీటి వంతుల కోసం తెల్లవార్లూ కాపు కాసిన రైతు, వీళ్లంతా మీ పీరియడ్‌కు రాలేరు. వాళ్ల మాట రాగలదు.

దీనికి రెండు మినహాయింపులు చెప్పాలి. చూపు లేని పిల్లలకు పుస్తకం చదివి వినిపించే ఆడియోయే పుస్తకం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఉపాధ్యాయులతో మాట్లాడి అలాంటివి తప్పక సేకరించండి. అదే సమయంలో వినికిడి లోపం ఉన్న పిల్లలు మీ తరగతిలో ఉంటే, మీరు వినిపించే ప్రతి ఆడియోకూ రాతప్రతి ముందే వాళ్ల చేతికి ఇవ్వాలి. ఇక 2022-23 నుంచి ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాషగా వచ్చిన ద్విభాషా పుస్తకాలతో ఇంగ్లీషు మాధ్యమంలోకి మారిన పిల్లలకు, పాఠం సారాన్ని తెలుగులో మూడు నిమిషాలు చెప్పిన ఆడియో ఇంటి దగ్గర అండగా ఉంటుంది. అయితే అది ఇంటి కోసమే. తరగతిలో ఆ పనికి మీరున్నారు.

ఆపడం గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే మొత్తం విషయం ఇక్కడే ఉంది. మధ్య అమెరికాలోని నికరాగువాలో 1974లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ప్రాథమిక తరగతులకు రేడియో ద్వారా గణితం నేర్పే ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులో రేడియో గొంతు ప్రశ్న అడిగి, కొన్ని క్షణాలు మౌనంగా ఉండేది. పిల్లలు గట్టిగా జవాబు చెప్పేవారు. ఆ తరువాత రేడియో సరైన జవాబు వినిపించేది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి ద్వారా ప్రాథమిక పాఠశాలలకు ప్రసారమైన ‘విందాం నేర్చుకుందాం’ కూడా ఆ తరహాలోనే, పిల్లలు మధ్యలో పాడుతూ, జవాబులు చెబుతూ, లేచి ఆడుతూ వినేలా తయారైంది. రేడియోను మనం ఆపలేం కాబట్టి దాన్ని తయారుచేసినవాళ్లే ఆ ఖాళీలను లోపల పెట్టారు. ఇప్పుడు ఆపే బొత్తాం మన చేతిలోనే ఉంది. అయినా చాలామంది ఆడియో పెట్టి, హాజరుపట్టీ ముందేసుకుని, అయిపోయాక ‘బాగుందా?’ అని అడిగి ఊరుకుంటారు. బాగుందనే అంటారు మరి, పిల్లలు మర్యాద తెలిసినవాళ్లు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఫ్లోరైడ్ మన నల్లగొండ జిల్లా పిల్లలకు కొత్తగా పరిచయం చేయవలసిన మాట కాదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన నడుములను వాళ్లు చూసే ఉంటారు. కానీ తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతుల్లో ఒకదానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుందని, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వారు రూపొందించిన ఆ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లిందని చెబితే నోరు తెరిచి వింటారు. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక ఉద్యోగితో తొమ్మిదో తరగతి పిల్లలు మాట్లాడి చేసిన ఆరు నిమిషాల ఆడియో ఒకటి మా దగ్గర ఉండేది. దాన్ని ఒక్కసారిగా ఎప్పుడూ వినిపించలేదు.

మొదటి భాగంలో ఆయన బకెట్ నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి మొదట వడివడిగా కలపాలని, తరువాత నెమ్మదిగా తిప్పాలని చెబుతారు. అక్కడ ఆపాలి. ‘మొదట వేగంగా ఎందుకు, తరువాత నెమ్మదిగా ఎందుకు?’ అని అడిగి, ఇద్దరిద్దరు మాట్లాడుకోవడానికి ఒక నిమిషం ఇవ్వాలి. మందు నీళ్లంతటా పరుచుకోవడానికి వేగం కావాలని చాలామందికి తోస్తుంది. నెమ్మది ఎందుకో మాత్రం ఎవరూ సులువుగా చెప్పలేరు. ఆ తరువాత రెండో భాగం పెడితే, పటిక వల్ల ఏర్పడే దూదిపింజల్లాంటి తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయని, గట్టిగా తిప్పితే అవి విరిగిపోయి అడుగుకు దిగవని ఆయనే చెబుతారు. తాము వెతికిన జవాబు కాబట్టి ఆ వాక్యం పిల్లల చెవిలో పడుతుంది. మూడో భాగంలో గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు వంచుకోవాలని, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పడితే అక్కడ పోయకూడదని వస్తుంది. ఇక్కడ ఆపి ‘ఇంత చేసే ఓపిక ఇంటింటా ఎవరికి ఉంటుంది, ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుంది?’ అని అడిగితే, రసాయనశాస్త్రం సాంఘికశాస్త్రంలోకి నడిచి వస్తుంది. ఒక ఆడపిల్ల లేచి ‘మా అమ్మ మీదనే పడుతది సార్’ అంటే, ఆ తరగతి దారిన పడ్డట్టే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు మాత్రం 1.5 దాకా అనుమతి ఉందని బోర్డు మీద రాస్తే, నది నీటి కోసం ఈ జిల్లా ఎందుకు అన్నేళ్లు కొట్లాడిందో చర్చించడానికి మిగిలిన పీరియడ్ సరిపోదు.

ఆరు నిమిషాల ఆడియోకు మొత్తం ఇరవై అయిదు నిమిషాలు పట్టిందంటే సరిగ్గా నడిచినట్టు లెక్క. వినే ముందు బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాయండి. అయిదు రాస్తే పిల్లలు వినడం మానేసి జవాబుల వేటలో పడతారు.

సాధన సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వారానికి సరిపడా ఆడియోలను ఇంటి దగ్గరే దించుకుని ఫోనులో ఉంచుకోండి. బడిలో సిగ్నల్ మీద ఆధారపడవద్దు. మాటలకు 64 కిలోబిట్ల మోనో ఎం.పి.3 సరిపోతుంది, నిమిషానికి అర ఎంబీ కూడా కాదు, ఏడు నిమిషాలది మూడున్నర ఎంబీ దాటదు. స్పీకరును బల్ల మీద కాక, గది మధ్యలో స్టూలు మీద, పిల్లల చెవుల ఎత్తున పెట్టండి. శబ్దం పెంచడం కన్నా ఇది మేలు. కరెంటు పోతే స్పీకరు బ్యాటరీ మీద నడుస్తుంది, ఫ్యాను ఆగుతుంది కాబట్టి ఇంకా బాగా వినిపిస్తుంది. సి.బి.ఎస్.ఇ. బోర్డు వారి పాడ్‌కాస్ట్ శిక్షావాణి, ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ఆడియోలు, ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షాలోని సామగ్రి ఉచితంగానే దొరుకుతాయి. అయితే అవి ఎక్కువగా విద్యార్థి ఒంటరిగా పునశ్చరణ చేసుకోవడానికి ఉద్దేశించినవి. వాటిలోంచి రెండు నిమిషాల ముక్క ఏరుకోవడం మీ పని.

పిల్లల దగ్గర ఫోన్లు లేవని మీరు బాధపడవద్దు. బడిలో పిల్లలు వినడం కన్నా తయారుచేయడంలోనే ఎక్కువ నేర్చుకుంటారని నా అభిప్రాయం, దానికి తరగతికి ఒక్క ఫోను చాలు. పాలమూరు బడుల్లో వలసల పాఠం చెప్పేటప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు ముంబయిలోనో పుణెలోనో కట్టడాల మీద ఉండి, నాయనమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఏ తరగతిలోనైనా కొందరుంటారు. వాళ్లు నాన్నకు వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పంపి, ఆయన రాత్రి పని దిగాక పంపిన జవాబులను తరగతికి తెచ్చినప్పుడు, పుస్తకంలోని ‘రుతుసంబంధ వలస’ అన్న మాటకు ముఖం వస్తుంది. ప్రశ్నలను ముందు తరగతిలో కూర్చుని తయారుచేయించాలి. ‘అక్కడ బాగుందా?’ అన్న ప్రశ్నకు ‘ఆఁ, బాగుంది బిడ్డా’ అన్న జవాబే వస్తుందని, ‘మేస్త్రీ దగ్గర ముందుగా ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, అది ఎన్ని నెలల పనితో తీరుతుంది?’ అని అడిగితే అసలు సంగతి వస్తుందని పిల్లలే కనుక్కుంటారు. ప్రశ్న అడగడం నేర్పే అవకాశం మన పరీక్షల్లో తక్కువ, ఇక్కడ ఉంది. ఇంటి సంగతి పదిమందిలో పెట్టడం ఇష్టం లేని పిల్లవాణ్ణి మాత్రం ఎప్పుడూ బలవంతపెట్టకండి. అతనికి సంతలో కూరగాయలమ్మే మనిషితో మాట్లాడే పని ఇవ్వండి.

యాస గురించి ఒక మాట. రికార్డు చేస్తున్నామనగానే పిల్లలు టీవీ వార్తల భాషలోకి మారి, రెండు వాక్యాల తర్వాత ఆగిపోతారు. మాట్లాడేది వాళ్ల ఇంటి తెలుగులో, ముందుమాట, ముగింపు రాత తెలుగులో ఉండనివ్వండి. ఒకే ఎపిసోడులో రెండూ వినిపిస్తే ఏది ఎక్కడ వాడాలో విడిగా చెప్పనవసరం లేదు. శ్రవణం, భాషణం అని మనం పాఠ్య ప్రణాళికలో రాసుకునే సామర్థ్యాలను పరీక్షించే వీలు కూడా తెలుగు ఉపాధ్యాయులకు ఇక్కడే దొరుకుతుంది.

రికార్డింగుకు ఖాళీ తరగతి గది పనికిరాదు. స్లాబు, గోడలు మాటను తిప్పికొట్టి మోత పుట్టిస్తాయి. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చిన గదిలో కూర్చోబెట్టి చూడండి, ఆ బస్తాలు మోతను మింగేస్తాయి. ఫ్యాను ఆపి, ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టి, నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కొద్దిగా పక్కకు పట్టుకోవాలి. లేకపోతే ప, ఫ, భ అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగిలి టప్పుమంటుంది. బోరు మోటారు వేసే వేళ కాకుండా చూసుకోండి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కత్తిరింపులు నేర్పవచ్చు కానీ, మొదట్లో అది సమయాన్ని తినేస్తుంది. నిమిషం, నిమిషంన్నర ముక్కలుగా రికార్డు చేసి, బాగా రానిదాన్ని మళ్లీ చెప్పిస్తే చాలు.

ఆ ఆడియోలు ఎక్కడికి వెళ్లాలన్నది జాగ్రత్తగా తేల్చుకోవలసిన విషయం. తరగతిలో వినిపించడం, తల్లిదండ్రుల సమావేశంలో వినిపించడం వేరు; యూట్యూబ్‌లోనో స్పాటిఫైలోనో పెట్టడం వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. బయటికి పెట్టదలచుకుంటే లిఖితపూర్వక అనుమతి తీసుకోండి, ఊరి పేరు, పిల్లల ఇంటిపేరు ఆడియోలో లేకుండా చూడండి. జబ్బుల గురించి, అప్పుల గురించి మాట్లాడిన పెద్దలకు వాళ్ల మాటను ముందు వాళ్లకే వినిపించి సరేననిపించుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇతరుల రచనలను వాడుకోవడానికి వెసులుబాటు ఇస్తుంది. అంతమాత్రాన సినిమా పాట నేపథ్యంలో పెట్టి ఎపిసోడును లోకానికి విడుదల చేసుకోవచ్చని అర్థం కాదు.

ఉపాధ్యాయుల సంగతికి వద్దాం. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనకు కేటాయించాలంటుంది. హయత్‌నగర్, వనస్థలిపురం నుంచి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి బడులకు రోజూ బస్సులో వచ్చిపోయేవారికి ఆ సమయం దారిలోనే దొరుకుతుంది కదా అని పాడ్‌కాస్ట్‌లను సిఫారసు చేసేవారున్నారు. వినండి, మంచిదే. కానీ బోధన గురించి ప్రత్యేకంగా తెలుగులో చేసినవి అరుదు. ఇంగ్లీషులో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇరవై మంది పిల్లలున్న గదిని మనసులో పెట్టుకుని చెప్పినవి. పైగా విన్నది మర్నాడు తరగతిలో ఒక్కసారైనా ప్రయత్నించి, ఎవరో ఒకరితో మాట్లాడకపోతే దిగేలోపే మరిచిపోతాం. దీక్షాలో కోర్సు వీడియోను ఒక పక్క నడవనిచ్చి, ఇంకో పక్క వంకాయలు కోసుకుంటూ సర్టిఫికెట్ తెచ్చుకున్న అనుభవం మన వృత్తిలో అందరికీ తెలిసిందే కాబట్టి దీన్ని ఎక్కువ సాగదీయను.

కాంప్లెక్స్ సమావేశానికి నేను సూచించేది బయటి పాడ్‌కాస్ట్ కాదు. నెలకు ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఒక చిక్కును అయిదు నిమిషాల ఆడియోగా తేవాలి, అందులో పిల్లవాడి గొంతు ఉండాలి. ఉదాహరణకు, 1/3 పెద్దదా 1/5 పెద్దదా అని అడిగితే 1/5 అని చెప్పిన పిల్లవాణ్ణి ‘ఎట్లా చెప్పినవ్?’ అని అడిగి, అతడు ‘మూడు కన్నా అయిదు పెద్దది కద సార్’ అన్నదాకా రికార్డు చేయాలి. అక్కడ ఆపి, గదిలోని ప్రతి ఉపాధ్యాయుడూ తాను ఆ పిల్లవాడితో తరువాత ఏమంటాడో ఒక్క వాక్యం కాగితం మీద రాయాలి. అందరూ రాశాకే ఆ ఉపాధ్యాయుడు నిజంగా ఏమన్నదీ వినిపించాలి. ‘తప్పు, కూర్చో’ అన్నది మొదలు ‘రొట్టె ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తదా, అయిదుగురు పంచుకుంటే ఎక్కువొస్తదా?’ అన్నదాకా ఎన్ని రకాలు వస్తాయో చూడండి. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం శిక్షణలో విన్నవాటికి అప్పుడు కాళ్లు వస్తాయి. ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్.జి.టి.లు, ఉన్నత తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు కలిసి కూర్చునే సమావేశాల్లో, పిల్లవాడి అపోహ ఏ తరగతిలో మొదలై ఎక్కడిదాకా వస్తున్నదో కూడా ఇక్కడే బయటపడుతుంది. పిల్లవాడి పేరు, బడి పేరు వినిపించకూడదన్న నియమం మాత్రం గట్టిగా పాటించాలి. ఆ ఆడియో ఆధారంగా ఉపాధ్యాయుడి పనితీరుకు మార్కులు వేయబోమని మండల విద్యాధికారి (ఎం.ఇ.ఓ.) గారి చేత ముందే చెప్పించాలి. లేకపోతే రెండో నెల నుంచి అందరూ తమ దగ్గరి చురుకైన పిల్లల గొంతులే తెస్తారు.

రెండో పని ఇంకా సులువు, కాస్త చేదు కూడా. మీ పీరియడ్‌ను మీరే ఫోనులో రికార్డు చేసుకుని, ఇంటికి వెళ్లి, మీ ప్రశ్నకూ మీ తరువాతి మాటకూ మధ్య ఎంత ఖాళీ ఉందో లెక్కపెట్టండి. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల టేపులను వందల సంఖ్యలో విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, తెలియదనేవారు తగ్గుతారని, వెనకబడ్డారనుకున్నవారూ మాట్లాడతారని తేల్చింది. మన గదుల్లో ఆ సెకను కూడా ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురి కోరస్‌తో నిండిపోతుంది. ఈ ఒక్క రికార్డింగు ఎవరికీ వినిపించనవసరం లేదు. విని, తుడిచేయండి, నెల తిరిగాక మళ్లీ ఒకసారి చేయండి.

మీ ప్రధానోపాధ్యాయుల అభ్యంతరానికి నా జవాబు ఇది. ప్రతి పాఠానికీ ఆడియో అక్కర్లేదు, యూనిట్‌కు ఒకటి చాలు. పాఠ్య ప్రణాళికలో దాన్ని బోధనాభ్యసన సామగ్రి కింద, ఎక్కడ ఆపుతారో, ఏం అడుగుతారో సహా రాసి చూపించండి. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఆ ఆడియోను వదిలేయండి. పిల్లలు చేసిన ఎపిసోడును ఫార్మేటివ్ పరీక్షలో ప్రాజెక్టు పనిగా లెక్కించండి. బజారులో కొన్న బొమ్మల చార్టు కన్నా దాన్ని మూల్యాంకనం చేయడం తేలిక, ఎవరు ఏ ప్రశ్న అడిగారో వినిపిస్తుంది కాబట్టి. జూన్, జూలైలో ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెట్టండి. పదో తరగతి వాళ్ల జోలికి దసరా తరువాత వెళ్లకండి. ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు మొదలయ్యాక అక్కడ మీకు పీరియడ్ దొరకదు, దొరికినా పిల్లల మనసు దొరకదు.